13/16 బార్లు, 8 సెకన్ల టేపు: ప్రోగ్ రాక్ పాటల్ని ఇంట్లో మిడిగా కట్టడం

పియానో_పరుగు:
ప్రోగ్ రాక్ (బేసి లెక్కలు, పొడుగు పాటల రాక్) బృందం జెనెసిస్ వాళ్ల 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్' మొత్తం మిడిగా, అంటే ఏ స్వరం ఎప్పుడు ఎంతసేపు మోగాలో చెప్పే కంప్యూటర్ ఫైల్‌గా కడుతున్నాను. 1973లో వచ్చిన 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ది పౌండ్' ఆల్బమ్‌లోది. ప్రస్తుతం వాళ్ల కీబోర్డు కళాకారుడు టోనీ బ్యాంక్స్ వాయించిన ఆ మొదటి పియానో భాగం దగ్గర ఆగి ఉన్నాను. తెలిసినవాళ్లకు తెలుసు, అక్కడ 2/4, 13/16, 15/16 బార్లు (బార్ అంటే ఒక లయ ఆవర్తం) ఒకదాని వెనక ఒకటి వస్తూ ఉంటాయి. స్వరాలన్నీ దొరికాయి, రికార్డు పక్కన పెట్టి ఒక్కొక్కటీ సరిచూసుకున్నాను కూడా. కానీ ప్లే చేస్తే ఎవరో టైపు కొడుతున్నట్టు వినిపిస్తోంది. రికార్డులో అదే భాగం ఒక్క ఊపిరిలో సాగిపోతుంది.

రెండు సందేహాలు. ఒకటి, ప్రతి బార్‌కీ టైమ్ సిగ్నేచర్ (బార్‌లో ఎన్ని మాత్రలో చెప్పే లెక్క) మార్చాలా లేక అంతా 4/4లో పెట్టేసి స్వరాల్ని మాత్రం సరైన చోట ఉంచితే చాలా? రెండు, క్వాంటైజ్ చెయ్యాలా వద్దా, అంటే స్వరాల్ని సరిగ్గా లయ గ్రిడ్ గీతల మీదికి జరపాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఎంత వివరంగా చెప్పినా చదువుతాను, ఈ పాట నాకు అంత ఇష్టం.

గ్రిడ్‌వాది:
మొదటిదానికి నా జవాబు, ప్రతి మార్పూ రాయాల్సిందే. క్వార్టర్ నోట్‌కు (4/4లో ఒక మాత్ర) 480 టిక్కులు (మిడి కాలాన్ని కొలిచే చిన్న ముక్కలు) పెట్టుకుంటే అందులో నాలుగో వంతైన సిక్స్‌టీన్త్ నోట్ 120 అవుతుంది. 2/4 బార్ 960, 13/16 బార్ 1560, 15/16 బార్ 1800 టిక్కులు. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. ఏ బార్‌లోనైనా మొత్తం తేడా వచ్చిందంటే ఎక్కడో ఒక స్వరం ఎక్కువో తక్కువో పడిందని వెంటనే తెలిసిపోతుంది. అంతా 4/4లో పోస్తే ఆ తనిఖీ పోతుంది, తర్వాత కాపీ పేస్ట్ చెయ్యాలన్నా బార్ మధ్యలో కోయాల్సి వస్తుంది.

ఇంకొకటి, సిగ్నేచర్ మారినప్పుడు టెంపో మార్చకండి. మిడి ఫైల్లో టెంపో ఎప్పుడూ ఒక క్వార్టర్ నోట్‌కు ఎన్ని మైక్రోసెకన్లు అనే లెక్కలోనే ఉంటుంది (120 బీపీఎం, అంటే నిమిషానికి 120 క్వార్టర్ నోట్లు అయితే 500000). 13/16 వచ్చినా ఆ లెక్క మారదు.

రెండోది: పూర్తిగా క్వాంటైజ్ చెయ్యండి. అదే ఫైల్‌ను నొటేషన్ సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌లో తెరిస్తే చదవగలిగే నొటేషన్ రావాలి. చెయ్యకపోతే ముప్పై రెండో వంతు రెస్టులు (విరామాలు), టైలు (స్వరాల్ని కలిపే గీతలు) పేజీ నిండా వస్తాయి, ఎవరికీ పనికిరాదు.

పాతటేపు:
సిగ్నేచర్ల సంగతిలో గ్రిడ్‌వాది గారి మాటే నాది. కాకపోతే పియానో_పరుగు గారూ, ఒకటి గమనించండి, టైమ్ సిగ్నేచర్ ఈవెంట్ వినికిడిని ఏమీ మార్చదు. అది మెట్రోనోమ్‌కూ, నొటేషన్‌కూ, ఎడిట్ చేసే మీకూ మాత్రమే. కాబట్టి టైపు కొట్టినట్టుండటానికి కారణం అక్కడ లేదు.

కారణం టెంపోలో ఉంది. ఆ కాలపు రికార్డుల్లో చాలావాటికి మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగం ఉండదు. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' (1973) తీసుకోండి. నాణేల చప్పుళ్ల టేపు లూప్ మొదట్లో లయ చూపిస్తుంది, తర్వాత అది వెనక్కి తగ్గిపోతుంది, అక్కణ్ణుంచి బ్యాండ్ తన వేగం తానే చూసుకుంటుంది. పాట ముందుకు వెళ్లేకొద్దీ వేగం కొంచెం కొంచెం పెరుగుతుంది, గిటార్ సోలో దగ్గర 7 లెక్క వదిలి 4/4లోకి దూకుతుంది. ఆ దూకుడుకి బలం వచ్చేది వేగం పెరిగి ఉండటం వల్లనే. మొత్తం పాటకు ఒకే బీపీఎం పెట్టి కట్టిన 'మనీ' మిడి ఫైళ్లు విన్నాను, ప్రతి స్వరం కరెక్టే, సోలో మొదలయ్యే చోట మాత్రం ఏమీ జరగదు.

నేను చేసే పద్ధతి చెప్తాను. ముందు రికార్డును సాఫ్ట్‌వేర్‌లో ఒక ఆడియో ట్రాక్‌గా పెట్టుకుంటాను (నాది రీపర్, ఏదైనా పర్వాలేదు). దాన్ని వింటూ ప్రతి బార్ మొదటి దెబ్బ దగ్గర ఒక గుర్తు పెడతాను. 13/16 లాంటి బార్లలో క్వార్టర్ నోట్లను తట్టుకుంటూ పోవడం కుదరదు, అందుకే బార్ మొదలు మాత్రమే. తర్వాత బార్ గీతల్ని ఆ గుర్తుల మీదికి లాగితే మధ్యలో టెంపో ఎంత ఉండాలో సాఫ్ట్‌వేరే లెక్క కడుతుంది. ఇలా టెంపో మ్యాప్ తయారయ్యాకే స్వరాలు పెట్టడం మొదలుపెడతాను. అంటే రికార్డును గ్రిడ్ మీదికి తేవడం కాదు, గ్రిడ్‌నే రికార్డు మీదికి వంచడం. పియానో ఒంటరిగా ఉన్నచోట వాయించేవాడు వాక్యం చివర ఆగి ఊపిరి తీసుకుంటాడు, అలాంటి చోట బార్ లోపల కూడా ఒకటో రెండో టెంపో మార్పులు కావాలి. మిగతా చోట్ల వద్దు, అతిగా పెడితే తూలుతున్నట్టు ఉంటుంది.

గ్రిడ్‌వాది:
పాతటేపు గారూ, వినడానికి మీరు చెప్పింది బాగుంటుంది, కాదనను. నేను మిడి కట్టేది మాత్రం నేర్చుకోవడానికి. వేగం సగానికి తగ్గించి, కుడిచేతి ట్రాక్ ఆపేసి, ఎడమచేతితో పాటు నేను వాయిస్తాను. మెట్రోనోమ్ ప్రతి బార్‌లో కదిలిపోతుంటే సాధన ఎలా? ఈఎల్‌పీ (ఎమర్సన్, లేక్ అండ్ పామర్) వాళ్ల 'టార్కస్' (1971) మొదటి భాగంలో ఆ 5 లెక్క ఎడమచేతి వరస రాయిలా నిలబడాలి, అది చేతికి పట్టాలంటే గ్రిడ్ నిటారుగా ఉండాల్సిందే.

పాతటేపు:
రెండూ ఒకే ఫైల్లో కుదురుతాయండీ. ఫార్మాట్ 1 మిడి ఫైల్లో టెంపో మార్పులన్నీ మొదటి ట్రాక్‌లో విడిగా ఉంటాయి. స్వరాలు టిక్కుల లెక్కలో ఉంటాయి కాబట్టి టెంపోతో వాటికి సంబంధం లేదు. ఆ మ్యాప్ తీసేసి ఒకే టెంపో పెట్టండి, మీకు కావలసిన నిటారు గ్రిడ్ వస్తుంది, నొటేషనూ శుభ్రంగా ఉంటుంది. మళ్లీ మ్యాప్ పెడితే రికార్డు నడక. బ్యాండ్ మొత్తం కలిసి వేగం మారడం వేరు, ఒక్క చెయ్యి కొంచెం ముందో వెనకో పడటం వేరు. మొదటిది టెంపో మ్యాప్‌లోకి వెళ్లాలి, రెండోది మాత్రమే స్వరాన్ని గ్రిడ్ నుంచి పక్కకు జరపడంలో కనిపించాలి. చాలామంది ఈ రెంటినీ కలిపేసి, టెంపో కదలకుండా ఉంచి, స్వరాల్ని అక్కడా ఇక్కడా యాదృచ్ఛికంగా చెదరగొట్టి 'హ్యూమనైజ్' అంటారు. నాకది అస్సలు నచ్చదు. మనిషి చెయ్యి ఎటు పడితే అటు పడదు, దానికో ఉద్దేశం ఉంటుంది.

లెస్లీచక్రం:
టెంపో గురించి బాగా చెప్పారు, నేను వెలాసిటీ గురించి చెప్తాను, ఎందుకంటే ఇంట్లో కట్టే ప్రోగ్ మిడిల్లో నాకు ఎక్కువ కష్టంగా అనిపించేది అదే. స్వరం ఎంత గట్టిగా నొక్కారో చెప్పే అంకె 127 దాకా ఉంది కదా అని అన్ని కీబోర్డులకూ ఎగుడుదిగుడుగా వాడేస్తారు. కానీ ఆ కాలపు కీబోర్డుల్లో సగానికి పైగా నొక్కుడు బలంతో పనే లేదు!

పియానోకు ఉంది, సరే. హామండ్ ఆర్గన్‌కు లేదు, మీట మెల్లగా నొక్కినా బలంగా నొక్కినా శబ్దం అంతే. దాని హెచ్చుతగ్గులన్నీ పాదం కింద ఉన్న పెడల్‌లో ఉంటాయి. కాబట్టి మిడిలో ఆర్గన్ స్వరాలన్నిటికీ ఒకటే వెలాసిటీ పెట్టండి, 100 అనుకోండి, పెడల్ పనిని కంట్రోలర్ 11, అంటే ఎక్స్‌ప్రెషన్‌తో చెయ్యండి (కంట్రోలర్ అంటే శబ్దాన్ని మార్చే నంబరున్న మిడి సూచన). కంట్రోలర్ 7ను దానికి వాడకండి, అది ట్రాక్ మొత్తం మట్టం సరిచేయడానికి, రెండూ విడిగా ఉంటే చివర్లో మిక్స్ సులువు. ఇక ఆర్గన్‌కు తగిలించే, లోపల తిరిగే లెస్లీ స్పీకర్‌కు నెమ్మది, వేగం అని రెండే తిరుగుళ్లు, ఒకదాని నుంచి ఇంకోదానికి ఎక్కడానికి కొంత సమయం తీసుకుంటుంది, అందం ఆ ఎక్కడంలోనే ఉంది. మంచి సౌండ్‌ఫాంట్ (మిడికి వాద్యాల శబ్దాలిచ్చే ఫైల్) అయితే మాడ్యులేషన్, అంటే కంట్రోలర్ 1 దీన్ని నడిపిస్తుంది. హామండ్‌లో పర్కషన్ వేస్తే ఆ టక్కుమనే శబ్దం అన్ని మీటలూ వదిలాక కొట్టిన స్వరానికి మాత్రమే వస్తుంది. కలిపి వాయిస్తే మొదటి స్వరానికే. ఇది తెలియక ప్రతి స్వరానికీ టక్కు వినిపించే సౌండ్ పెడితే ఆ పాటకు సంబంధం లేని ఆర్గన్ అయిపోతుంది.

మెలోట్రాన్ అనే టేపు కీబోర్డు ఇంకా వేరు. ప్రతి మీట కింద ముందే రికార్డు చేసిన స్వరం ఉన్న ఒక టేపు ముక్క, నొక్కితే తిరుగుతుంది, సుమారు 8 సెకన్లకు అయిపోతుంది, వదిలితే స్ప్రింగ్ దాన్ని మళ్లీ మొదటికి లాగుతుంది. అంటే మీరు 12 సెకన్లు ఒకే కార్డ్ (కలిపి మోగే స్వరాలు) పట్టి ఉంచారంటే ఆ వాద్యం మీద అది జరిగే పని కాదు. ఆ స్వరం ఎక్కడో మళ్లీ కొట్టి ఉంటారు, లేదా కార్డ్‌లో ఒక్కో వేలినీ విడివిడిగా ఎత్తి వేసి ఉంటారు. రికార్డు జాగ్రత్తగా వింటే ఆ మార్పులు దొరుకుతాయి. మిడిలో కూడా అక్కడే విడగొట్టండి. మెలోట్రాన్‌లో ఉండే ఆ దిగులు సగం ఇక్కడి నుంచే వస్తుందని నా నమ్మకం.

మినీమూగ్ సింథ్‌కూ నొక్కుడు బలం లేదు, పైగా ఒకసారికి ఒకే స్వరం. రెండు స్వరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చూడండి.

కొత్తచెవి:
లెస్లీచక్రం గారూ, మీ పోస్టు సేవ్ చేసుకున్నాను. నేను జెనెసిస్ వాళ్ల 'వాచర్ ఆఫ్ ది స్కైస్' (1972, 'ఫాక్స్‌ట్రాట్') మొదట్లో వచ్చే మెలోట్రాన్ భాగం చేస్తున్నాను. జనరల్ మిడిలో (వాద్యాలకు అందరికీ ఒకే నంబర్లిచ్చే పద్ధతి) 49వ నంబరు స్ట్రింగ్స్ పెడితే ప్రతి కార్డ్ ఆలస్యంగా లేచినట్టుంది. స్వరాల్ని ముందుకు జరపాలా? రెండోది, బ్యాండ్ మొత్తం ఒక్కసారిగా మోగే చోట లోపలి స్వరాలు ఎలా వింటారు మీరంతా? నాకు పైన మెలొడీ, కింద బాస్ తప్ప మధ్యలో అంతా ముద్దగా ఉంటుంది.

లెస్లీచక్రం:
జరపకండి. మీ దగ్గర ఉన్న స్ట్రింగ్స్ నెమ్మదిగా లేస్తాయి కాబట్టి అలా ఉంది, ఇంకొకరి సింథ్‌లో వెంటనే లేస్తాయి, అప్పుడు మీ కార్డులన్నీ ముందే పడతాయి. మిడి ఫైల్లో శబ్దం ఉండదు, వాయించే సూచనలే ఉంటాయి, అది ఎప్పుడూ మనసులో ఉంచుకోండి. మీ ఇంట్లో వినడానికైతే మెలోట్రాన్ శాంపిల్స్ ఉన్న సౌండ్‌ఫాంట్ వెతుక్కోండి, ఫ్లూయిడ్‌సింథ్ లాంటి సాఫ్ట్‌వేర్ దాన్ని నేరుగా వాయిస్తుంది. ఇతరులకు పంపే ఫైల్లో 49నే ఉంచండి, కోరస్ గొంతులున్న చోట 53.

బాస్_పిక్:
కొత్తచెవి గారూ, ముద్ద సంగతి నేను చెప్తాను. డెమక్స్ లాంటి ట్రాక్ విడదీసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా ఉన్నాయి. పాటను గొంతు, బాస్, డ్రమ్స్, మిగతావి అని నాలుగుగా చీలుస్తుంది. బాస్, డ్రమ్స్ బాగానే విడిపోతాయి. గిటార్, కీబోర్డులు మాత్రం 'మిగతావి' అనే కుప్పలో కలిసే ఉంటాయి, ప్రోగ్‌లో అసలు చిక్కంతా ఆ కుప్పలోనే. అయినా బాస్, డ్రమ్స్ తీసేశాక ఆ కుప్ప వినడం చాలా సులువవుతుంది. తర్వాత పాత రికార్డుల్లో వాద్యాల్ని ఎడమకీ కుడికీ బాగా విడదీసి పెట్టేవాళ్లు, ఒక్కో చెవి విడిగా వినండి, అంతదాకా దాక్కున్న గిటార్ బయటపడుతుంది. బాస్ లైన్ తెలియకపోతే ఒక ఆక్టేవ్ పైకి పెంచి వినండి. స్వరం గుర్తుపట్టడానికి సగం వేగంలో వినండి, లయ గుర్తుపట్టడానికి మాత్రం అసలు వేగంలోనే వినాలి, నెమ్మదిస్తే లయ చెదిరిపోతుంది.

ఆడియోను దానంతట అదే మిడిగా మార్చే టూల్స్ కూడా ఉన్నాయి. ఒంటరి పియానోకో ఫ్లూటుకో మొదటి చిత్తుప్రతి ఇస్తాయి. బ్యాండ్ మొత్తానికి వాడితే వచ్చే చెత్తను శుభ్రం చేసే సమయంలో మీరే చెవితో రాసేయొచ్చు.

బాస్ గురించి ఒక మాట, నా ఇష్టం కొద్దీ. యెస్ వాళ్ల 'రౌండబౌట్' (1971, 'ఫ్రాజైల్') కట్టేటప్పుడు చాలామంది 34, అంటే వేళ్లతో మీటే బాస్ పెడతారు. క్రిస్ స్క్వయర్ రికెన్‌బాకర్ మీద పిక్‌తో వాయించేవాడు, కాబట్టి 35 పెట్టండి. అదీ చాలదు, ఆ శబ్దంలో కింది లోతు ఒకవైపు, పైన గరగరలాడే అంచు ఇంకోవైపు ఉంటాయి. నేను అదే ట్రాక్‌ను ఇంకో ఛానెల్‌లోకి (మిడిలో ఒక్కో వాద్యానికి ఒక్కో దారి) కాపీ చేసి, దానికి ఓవర్‌డ్రైవ్ గిటార్ 30 ఇచ్చి, వాల్యూమ్ బాగా తగ్గించి కింద కలుపుతాను. ఇది చేశాక బాస్ మిగతా వాద్యాల మధ్యలోంచి ముందుకు వస్తుంది, ఆ పాటలో అది ముందే ఉండాలి.

చుక్కగీత:
డ్రమ్స్ గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మొదలుపెడతాను. డ్రమ్స్ ఛానెల్ 10, అందులో స్వర నంబర్లు కిక్ 36, స్నేర్ 38, మూసిన హై-హ్యాట్ 42, తెరిచింది 46, రైడ్ 51, రైడ్ గంట 53. ఇవి అందరికీ తెలుసు. తెలియాల్సింది స్నేర్ మీద పడీపడనట్టుండే ఘోస్ట్ నోట్ల గురించి. ఫిల్ కాలిన్స్ (జెనెసిస్), బిల్ బ్రూఫర్డ్ (యెస్) లాంటివాళ్ల వాయింపులో పెద్ద దెబ్బల మధ్య ఎన్నో చిన్న దెబ్బలుంటాయి. పెద్దవి 110 దగ్గర పెడితే వీటిని 30, 40 మధ్య పెట్టండి. అవి లేకపోతే లెక్క సరిగ్గా ఉన్నా కదలిక ఉండదు. డ్రమ్స్‌కు వెలాసిటీయే ప్రాణం, ఆర్గన్‌కు సరిగ్గా వ్యతిరేకం.

బేసి లెక్కలకు భయపడేవాళ్లకు: నోటితో తకిట తకధిమి అనుకుంటూ వినండి, 7 దానంతట అదే నోటికి వస్తుంది, ఆ తర్వాత ఏ అక్షరం మీద స్నేర్ పడుతోందో చూసుకోవడమే. రష్ వాళ్ల 'వైవైజెడ్' (1981) మొదలు ఇంకా సరదాగా ఉంటుంది. అది టొరంటో విమానాశ్రయం కోడ్, మోర్స్‌లో ఆ మూడు అక్షరాల్నే లయగా వాయించారు. వై అంటే గీత, చుక్క, గీత, గీత. జెడ్ అంటే గీత, గీత, చుక్క, చుక్క. గీతకు రెండు సిక్స్‌టీన్త్‌లు, చుక్కకు ఒకటి వెయ్యండి. వైకి 7, ఇంకో వైకి 7, జెడ్‌కు 6, మొత్తం 20. అంటే కచ్చితంగా ఒక 5/4 బార్! రాసుకుని చూస్తే ఆ పొందిక ఎంత ముచ్చటగా ఉంటుందో.

పియానో_పరుగు:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పాతటేపు గారు చెప్పినట్టు బార్ మొదళ్లకు గుర్తులు పెట్టి టెంపో మ్యాప్ చేశాను, పియానో ఇప్పుడు నడుస్తోంది, నిజంగా. ఒక విషయం కనిపించింది, అది అందరికీ చెప్పాలనిపించింది. అదే పియానో వరస పాట మధ్యలో సింథ్, డ్రమ్స్‌తో మళ్లీ వస్తుంది కదా. స్వరాలు అవే కదా అని మొదటి భాగం టెంపో మ్యాప్‌ను అక్కడా పెట్టి విన్నాను, అస్సలు కుదరలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు చెయ్యి తీసుకున్న స్వేచ్ఛ డ్రమ్స్ వచ్చాక ఉండదు, వరస బిగుసుకుంటుంది, మలుపుల దగ్గర ఆగకుండా దూసుకుపోతుంది. రెండు చోట్లకూ రెండు మ్యాప్‌లు చేశాను. పాట ఇన్నేళ్లుగా వింటున్నా ఈ తేడా ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినపడలేదు.

ఇప్పుడు గిటారిస్ట్ స్టీవ్ హ్యాకెట్ సోలో దగ్గర ఉన్నాను. ముందు ఫ్లూటు పలికిన మెలొడీనే గిటార్ అందుకుని చాలాసేపు లాగుతుంది. ఫ్లూటు ట్రాక్ కాపీ చేసి 31 (డిస్టార్షన్ గిటార్) పెడితే కీబోర్డు మీద గిటార్ శబ్దం వాయించినట్టుంది. పిచ్ బెండ్, అంటే స్వరాన్ని పైకీ కిందికీ జార్చే సూచన, ఎలా రాయాలి?

పాతటేపు:
రెండు మ్యాప్‌ల సంగతి విని చాలా సంతోషం. ఇంత దూరం వచ్చాక సోలో మీకు కష్టం కాదు.

పిచ్ బెండ్ మొదట్లో అటు రెండు, ఇటు రెండు సెమీటోన్లే (అర స్వరాలు) పోతుంది. మామూలు తీగ లాగుడుకు అది చాలు. మధ్య విలువ 8192, అక్కణ్ణుంచి 16383 దాకా పైకి. గీత నిటారుగా గీయకండి, తీగ లాగేటప్పుడు మొదట నెమ్మదిగా కదిలి, మధ్యలో వేగంగా ఎక్కి, గమ్యం దగ్గర మళ్లీ నెమ్మదిస్తుంది, ఆ వంపు రావాలి. కొన్నిచోట్ల స్వరాన్ని కింది నుంచే మొదలుపెట్టి పైకి తీసుకెళ్లాలి, అంటే స్వరం రాసేది మొదలయ్యే చోట, చేరే చోట కాదు. వైబ్రాటో (స్వరం ఊగడం) కోసం స్వరం మొదట్లోనే మాడ్యులేషన్ పెట్టేస్తే మొదటి క్షణం నుంచే ఊగుతుంది. పొడుగు స్వరం కాసేపు కదలకుండా నిలిచి, ఆ తర్వాత ఊగడం మొదలవ్వాలి, కాబట్టి అదీ చేత్తోనే గీయండి. ముఖ్యమైనది: పిచ్ బెండ్ ఛానెల్ మొత్తానికి వర్తిస్తుంది. ఒక తీగ లాగుతూ ఇంకో తీగ నిలిపి ఉంచారంటే రెండూ కలిసి కదులుతాయి. అలాంటి చోట గిటార్‌ను రెండు ఛానెళ్లలో పెట్టాలి. ఉన్నవి 16, వాటిలో ఒకటి డ్రమ్స్‌ది, ముందే పంచుకోండి.

ఈఎల్‌పీ 'లక్కీ మ్యాన్' (1970) చివరి మూగ్ సోలో లాంటి పెద్ద జారుడుకు రెండు సెమీటోన్లు చాలవు. అక్కడ పరిధి పెంచాలి: కంట్రోలర్ 101కి 0, 100కి 0, తర్వాత 6కి 12 పంపితే ఒక ఆక్టేవ్ దాకా జారుతుంది. పని అయ్యాక 101కీ 100కీ 127 పంపి మూసేయండి. పోర్టమెంటో (స్వరం నుంచి స్వరానికి జారడం) కంట్రోలర్లు ఉన్నాయి కానీ ఒక్కో సింథ్ వాటిని ఒక్కోలా అర్థం చేసుకుంటుంది, చేత్తో గీసిన బెండ్ మీదే నాకు నమ్మకం.

కొత్తచెవి:
పాడే గొంతుకు ఏ వాద్యం పెడుతున్నారు? ఇంకో చిన్న సందేహం, నా దగ్గరున్న ఒక రికార్డు మిడితో శ్రుతి కలవడం లేదు, రెండు స్వరాల మధ్యలో ఎక్కడో ఉంది.

బాస్_పిక్:
శ్రుతి తేడా టేపు వేగం వల్ల కావచ్చు, వాద్యాల్ని అలా శ్రుతి చేసి ఉండొచ్చు. మిడిని కదిలించకండి, రికార్డు ఆడియోనే కొన్ని సెంట్లు (సెమీటోన్‌లో నూరో వంతు) పైకో కిందికో జరిపి కలుపుకోండి. పని అయ్యాక మీ ఫైల్ మామూలు 440 హెర్ట్జ్ శ్రుతిలోనే ఉంటుంది, ఎవరైనా దానితో కలిసి వాయించొచ్చు.

లెస్లీచక్రం:
గొంతుకు నేను ఓబో పెడతాను, సాక్సోఫోన్ కన్నా పాటకు అడ్డం రాదు. ఏది పెట్టినా దాన్ని విడి ఛానెల్‌లో ఉంచండి, పాడాలనుకున్నవాళ్లు ఆపేసుకుంటారు. 'ఆహ్' కోరస్ మాత్రం వద్దు, మెలోట్రాన్ కోరస్‌తో కలిసిపోయి ఏది ఏదో తెలియదు.

గ్రిడ్‌వాది:
పియానో_పరుగు గారి రెండు మ్యాప్‌ల మాట నన్ను ఆలోచనలో పెట్టింది. సాధనకు నిటారు గ్రిడ్ కావాలనే ఇప్పటికీ అంటాను, కాని ఇకపై నేను చేసే ఫైళ్లలో టెంపో ట్రాక్ కూడా పెడతాను, కావాలనుకున్నవాళ్లు వాడుకుంటారు. ఒక హెచ్చరిక కూడా. మనం సొంతంగా కట్టినా పాట బాణీ మీద హక్కులు రాసినవాళ్లవే. ఇంట్లో నేర్చుకోవడం వేరు, ఫైల్‌ను నెట్‌లో అందరికీ పెట్టడం వేరు. పెట్టేముందు మీ దగ్గరి నిబంధనలు చూసుకోండి. పద్ధతులు పంచుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు, టెంపో మ్యాప్ ఎలా చేశారో స్క్రీన్‌షాట్లతో రాయండి, నేనూ రాస్తాను.

పియానో_పరుగు:
తప్పకుండా రాస్తాను. సోలో వంపులు గీయడం మొదలుపెట్టాను, పాతటేపు గారు చెప్పినట్టు స్వరం మొదట నిలబెట్టి తర్వాత ఊపితే మొదటి రెండు వాక్యాలే పూర్తిగా మారిపోయాయి. ఒకటే ఇబ్బంది, ఫైల్‌ను వేరే ప్లేయర్‌లో తెరిస్తే మొదటి పియానో స్వరం ఒక్కోసారి మింగేస్తోంది.

పాతటేపు:
పాట ముందు ఒక ఖాళీ బార్ పెట్టండి. ప్రోగ్రామ్ మార్పులు (ఏ వాద్యమో చెప్పేవి), వాల్యూమ్, పాన్ (ఎడమ, కుడి స్థానం), బెండ్ పరిధి అన్నీ మొదటి టిక్ దగ్గరే కుప్పగా పోయకుండా ఆ బార్‌లో కొన్ని టిక్కుల ఎడంతో పేర్చండి. స్వరాలు రెండో బార్ నుంచి మొదలవ్వాలి. ప్రతి ఛానెల్‌లో పిచ్ బెండ్‌ను 8192కి, మాడ్యులేషన్‌ను 0కి తెచ్చే ఈవెంట్లు కూడా అక్కడే పెట్టండి, లేకపోతే ముందు వాయించిన పాటలోని బెండ్ మీ పియానో మీద మిగిలిపోయి ఉండొచ్చు.